కక్కయ్య సందేహం: యోగా ఆరోగ్యం ఎవరి వొంటికి?

2014 డిసెంబరు 11న ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ జూన్ 21ని అంతర్జాతీయ యోగా దినంగా ప్రకటించింది. 2015 నుంచి యేటా ఆ రోజు బడుల్లో, ఆఫీసుల్లో, పోలీసు మైదానాల్లో చాపలు పరుస్తున్నారు. 2025 జూన్ 21న విశాఖపట్నంలో ఆర్కే బీచి నుంచి భోగాపురం దాకా రోడ్డు పొడుగునా మూడు లక్షల మంది చేత ఆసనాలు వేయించారు. ముందురోజు అల్లూరి సీతారామరాజు జిల్లా నుంచి తీసుకొచ్చిన 22 వేల మందికి పైగా ఆదివాసీ విద్యార్థుల చేత 108 నిమిషాల పాటు సూర్యనమస్కారాలు చేయించి గిన్నిస్ పుస్తకంలో పేరు రాయించుకున్నారు. ఆ పిల్లలు దిగివచ్చిన కొండల నుంచే, నెలలు నిండిన ఆడవాళ్ళని డోలీ కట్టి ఆసుపత్రికి మోసుకొచ్చిన వార్తలు కూడా వస్తుంటాయి. ఆ వార్త జిల్లా పేజీలో వొక మూల వుంటుంది. రికార్డు వార్త మొదటి పేజీలో వుంటుంది. రెండింటినీ పక్కపక్కన పెట్టి చదవడమే ఈ వ్యాసంలో మేం చేయదలచుకున్న పని.

యోగా గురించి మనవాళ్ళలో రెండు మాటలు వినబడుతున్నాయి. అది హిందూత్వ సరుకు, మనకొద్దు, అనేది మొదటిది. ఆరోగ్యానికి కులమేంటి, మంచిదైతే ఎవరిదైనా తీసుకుందాం, అనేది రెండోది. మొదటి మాట అనేవాళ్ళు, నడుం నొప్పితో బాధపడే మన అమ్మలకి దానివల్ల యేమైనా మేలుందా అని ఆగి అడగడం లేదు. రెండో మాట అనేవాళ్ళు, ఆ నడుం నొప్పి యెక్కడి నుంచి వచ్చిందని అడగడం లేదు. రెండు వైపులా వొంటిని మర్చిపోయి మాట్లాడుతున్నారు. వొంటి దగ్గర మొదలుపెడితే ఈ చర్చ ఇంకోలా వుంటుందని మా అభిప్రాయం. అలా మొదలుపెట్టినవాడు మనకి ఇంతకుముందే వొకడున్నాడు.

కోసి చూసినవాళ్ళు ఇద్దరు

పోతులూరి వీరబ్రహ్మం కథ తెలుగునాట విననివాళ్ళు తక్కువ. ఆయన శిష్యుల్లో సిద్దయ్య దూదేకుల ముస్లిం. కక్కయ్య మాదిగ. వొకనాడు గురువు సిద్దయ్యకి యోగం బోధిస్తున్నాడు. దేహంలో ఆరు చక్రాలున్నాయనీ, అవి తామరపూలలాగా వుంటాయనీ, వొక్కోదాంట్లో వొక్కో దేవత కొలువుంటుందనీ చెప్పాడు. పక్కనుంచి కక్కయ్య విన్నాడు. ఇంటికిపోయి, నిద్రపోతున్న పెళ్ళాం వొళ్ళు కోసి చూశాడు. పూలు లేవు, దేవతలు లేరు. తిరిగొచ్చి, నువ్వు చెప్పింది అబద్ధమని గురువుని నిలదీశాడు. బ్రహ్మంగారు మహిమ చూపించి ఆమెని బతికించారు, కక్కయ్య కాళ్ళ మీద పడి శిష్యుడయ్యాడు. చెప్పేవాళ్ళని బట్టి వివరాలు మారినా కథ ఇదే. నాటకాల్లో, బుర్రకథల్లో కక్కయ్యని అమాయకుడిగా, గూఢార్థం తెలియక మాటకి మాట పట్టుకున్న మొరటువాడిగా చూపించడం అలవాటు.

ఇంకో కథ కూడా వుంది. ఆర్యసమాజ స్థాపకుడు దయానంద సరస్వతి తన జీవితం గురించి తాను చెప్పుకున్నది, 1879 నుంచి 'థియోసఫిస్ట్' పత్రికలో అచ్చయింది. గంగ వొడ్డున తిరుగుతున్న రోజుల్లో ఆయన దగ్గర హఠయోగ పుస్తకాలుండేవి. నాడులు, చక్రాలు వాటిలో వర్ణించినట్టే వుంటాయా అని ఆయనకి అనుమానం. నదిలో కొట్టుకొస్తున్న శవాన్ని వొడ్డుకి లాగి, కత్తితో కోసి, పుస్తకంతో పోల్చి చూశాడు. పోలిక కుదరలేదు. పుస్తకాలు చించి శవంతోపాటే నదిలో పారేశాడు. ఈ సంగతి చెప్పేటప్పుడు చరిత్రకారులు ఆయన హేతుబుద్ధిని మెచ్చుకుంటారు.

అనుమానం వొక్కటే, కత్తి వొక్కటే, తేలిన సంగతీ వొక్కటే. బ్రాహ్మడు కోస్తే శాస్త్రదృష్టి అయింది, మాదిగ కోస్తే మూఢత్వమయింది. దయానందుడు పుస్తకం పారేసి తన దారిన తాను పోయాడు. కక్కయ్య మాత్రం కాళ్ళ మీద పడాల్సివచ్చింది. నిజానికి వొంటి లోపల యేముంటుందో కక్కయ్యకే ఎక్కువ తెలుసు. చచ్చిన గొడ్డుని కోసే పని కులం మోపింది అతని మీదే. గుండె ఎక్కడుంటుందో, వూపిరితిత్తులు ఎలా వుంటాయో, తోలు కింద నరం ఎటు పోతుందో అతను చేతులతో తెలుసుకున్నవాడు. అతని సందేహం ఆ చేతుల చదువు నుంచి పుట్టింది.

అయితే ఇక్కడ మనం దాటేసి పోగూడనిది వొకటుంది. సందేహం కక్కయ్యది, కోత పడింది ఆమె వొంటికి. దయానందుడికి నదిలో శవం దొరికింది, కక్కయ్యకి ఇంట్లో ఆడమనిషి దొరికింది. గురువు మాటకీ మొగుడి అనుమానానికీ మధ్య నలిగిన ఆ వొంటిని ఎవరూ యేమీ అడగలేదు. కక్కయ్య ప్రశ్నని మనం తీసుకుంటాం. కక్కయ్య చేసిన పనిని తీసుకోం. యోగా చేసే మేలేమిటో బతికున్న మనుషుల వొంటి మీద, వాళ్ళు చెప్పిన మాటతో తేల్చుకుంటాం.

వున్న మేలు ఎంత?

యోగా వల్ల మేలు బొత్తిగా లేదనడం సరికాదు. 2017లో అమెరికాలోని బోస్టన్‌లో చాలాకాలంగా నడుం నొప్పి వున్న 320 మంది మీద వొక పరీక్ష జరిగింది. వాళ్ళలో ఎక్కువమంది పేదలు, నల్లజాతివాళ్ళూ ఇతర తెల్లేతరులూను. కొందరికి వారానికొక యోగా తరగతి చొప్పున పన్నెండు వారాలు నేర్పారు. కొందరిని ఫిజియోథెరపీకి పంపారు. మిగిలినవాళ్ళకి పుస్తకం ఇచ్చారు. యోగా చేసినవాళ్ళకి కలిగిన మేలు ఫిజియోథెరపీకి తీసిపోలేదు. పుస్తకం తీసుకున్నవాళ్ళతో పోలిస్తే వీళ్ళు నొప్పిబిళ్ళలు వాడటం తగ్గింది. రోజూ సాయంత్రం నొప్పిబిళ్ళ మింగి పడుకునే మన వాడల్లో ఇది చిన్న సంగతి కాదు.

అదే సమయంలో పరిశోధనలన్నిటినీ కలిపి చూసే కొక్రేన్ సమీక్ష 2022లో తేల్చిందేమంటే, యే వ్యాయామమూ చెయ్యనివాళ్ళతో పోలిస్తే యోగా చేసినవాళ్ళకి నడుం నొప్పిలో కొద్దిపాటి మేలే కనబడింది, నడుం కోసం చేసే ఇతర వ్యాయామాలతో పోలిస్తే పెద్ద తేడా యేమీ లేదు. మన దేశంలోనే 24 ఆసుపత్రుల్లో, గుండెపోటు వచ్చి బతికిన 3,959 మందితో చేసిన పరీక్ష ఫలితాలు 2020లో వచ్చాయి. యోగా నేర్చుకున్నవాళ్ళు తమ ఆరోగ్యం బాగుందని చెప్పుకున్నారు, మునుపటి పనుల్లోకి మెరుగ్గా తిరిగివెళ్ళారు. మళ్ళీ గుండెపోటు, పక్షవాతం, మరణం లాంటివి మాత్రం లెక్కకి ఆనేంతగా తగ్గలేదు. 1969లో బొంబాయి డాక్టర్ కె.కె. దాతే బృందం 47 మంది రక్తపోటు రోగులకి శవాసనం నేర్పించి, చాలామందిలో పోటు తగ్గడం చూసింది. ఆందోళన, కుంగుబాటు, నిద్రలేమి కూడా కొంత తగ్గుతాయని చాలా పరీక్షలు చెబుతున్నాయి.

ఈ మేలు యెలా జరుగుతుంది? 2001లో ఇటలీ పరిశోధకులు 23 మందిని కూర్చోబెట్టి వొకసారి లాటిన్‌లో మరియమ్మ జపమాల ప్రార్థన, ఇంకోసారి బౌద్ధుల మంత్రం చదివించారు. రెండింటిలోనూ వూపిరి నిమిషానికి ఆరుసార్లకి తగ్గింది. వూపిరి అంత నెమ్మదించినప్పుడు గుండెనీ రక్తపోటునీ సర్దే నాడీ వ్యవస్థ పనితీరు మెరుగైంది. అంటే మేలు చేసింది నెమ్మదైన వూపిరి. అది సంస్కృతమా లాటినా అని వూపిరితిత్తులు అడగవు. మన క్రైస్తవ పేటల్లో ముసలమ్మలు జపమాల తిప్పుకుంటూ తమకి తెలియకుండానే చేసుకుంటున్నది కూడా ఇలాంటిదే కావచ్చు.

కాబట్టి మేలుంది. అది కొలవగలిగినది, పరిమితమైనది. వొళ్ళు నెమ్మదిగా సాగదియ్యడం, వూపిరిని తగ్గించుకోవడం, మధ్యలో ఆగి పడుకోవడం, ఆ గంటసేపు ఎవడి కేకా వినబడకపోవడం, వీటన్నిటి మొత్తమే ఆ మేలు. ఇక అడగాల్సింది, ఇవి ఎవరికి దొరుకుతాయని.

నియమావళి ఎవరి కోసం రాశారు?

కేంద్ర ప్రభుత్వ ఆయుష్ శాఖ యోగా దినం కోసం వొక ఉమ్మడి నియమావళి అచ్చువేసింది. దేశమంతా నలభై అయిదు నిమిషాలు చేసేది దాని ప్రకారమే. దాన్ని మేం వొక సాహిత్య పాఠాన్ని చదివినట్టు చదివాం. ప్రశాంతమైన చోట చెయ్యాలి. చాపో దుప్పటో పరుచుకోవాలి. వొదులైన నూలుబట్టలు కట్టుకోవాలి. కాలకృత్యాలు తీర్చుకుని, కడుపు ఖాళీగానో తేలిగ్గానో వున్నప్పుడు చెయ్యాలి. అలసిపోయినప్పుడు, జబ్బుతో వున్నప్పుడు, తొందరలో వున్నప్పుడు, మనసు బాగా వొత్తిడిలో వున్నప్పుడు చెయ్యగూడదు.

ఇవన్నీ మంచి సూచనలే. వొంటికి దెబ్బ తగలకుండా చెప్పినవే. కానీ వీటిని వరసగా చదివితే వొక మనిషి రూపం కళ్ళకి కడుతుంది. అతనికి ప్రశాంతమైన గది వుంది, ఇంట్లో మరుగుదొడ్డి వుంది, పొద్దున్నే తొందర లేదు, వొంట్లో అలసట లేదు. తెల్లారగట్ల నాలుగింటికి లేచి వంటచేసి, సద్దికట్టుకుని, ఆటో వెనక వేలాడుతూ మిరపకోతకి పోయే ఆడమనిషి ఈ నియమావళి ప్రకారం రోజు మొత్తంలో యే నిమిషాన యోగా చెయ్యడానికి అర్హురాలో చెప్పండి. తొందర ఆమె పొద్దు, అలసట ఆమె సాయంత్రం. ఆమెని ఎవరూ తరమలేదు, వద్దనలేదు. నియమం రాసినప్పుడు ఆమె తలపులోనే లేదు, అంతే. ఇలాంటి వెలి కళ్ళకి కనబడదు.

ఇంకా వొకటి. ఈ నియమావళి ఋగ్వేద మంత్రంతో మొదలై శాంతిపాఠంతో ముగుస్తుంది. వేదం విన్న శూద్రుడి చెవుల్లో కరిగించిన లోహమూ లక్కా పోయమని గౌతమ ధర్మసూత్రం చెప్పింది. ఆ చెవులవాళ్ళ మునిమనవలు యిప్పుడు మైదానంలో వరసగా నిలబడి ఆ వేదాన్నే చదవాలి. అదీ ఆరోగ్యం పేరుతో. విననివ్వకపోవడమూ చదివించడమూ రెండూ వాళ్ళ ఇష్టమే అయినప్పుడు మన ఇష్టానికి చోటెక్కడ? వూపిరికి మంత్రం అక్కర్లేదని ఇటలీ పరీక్ష చూపించింది. అక్కర్లేనిదాన్ని తప్పనిసరి చేసినప్పుడు అది వైద్యం పరిధి దాటి ఆధిపత్యం పరిధిలోకి వస్తుంది.

వంగిన నడుం

"మన ఆడవాళ్ళు పొద్దస్తమానం వంగుతూనే వుంటారు, వాళ్ళకి వేరే యోగా ఎందుకండీ?" ఈ మాట మేం సభల్లో చాలాసార్లు విన్నాం. మెచ్చుకోలుగా అంటారు. మనవాళ్ళు కూడా గర్వంగా అంటుంటారు. ఈ మాట తప్పు. తప్పే కాదు, ప్రమాదం కూడా.

నాట్లు వేసే మనిషి బురదలో నడుం వంచి గంటల తరబడి వెనక్కి నడుస్తుంది. పాదహస్తాసనంలో కూడా నడుం వంగుతుంది. బయటికి రెండూ వొకటే. కానీ ఆసనంలో వంగినవాళ్ళు కొన్ని క్షణాల్లో లేస్తారు, వెనక్కి వంగి దాన్ని సరిచేసుకుంటారు, నొప్పి పుడితే ఆపేస్తారు. నాట్లలో ఆగడం కూలిమనిషి చేతుల్లో లేదు. వెన్నుపూసల మధ్య మెత్తటి బిళ్ళ మీద అదే వైపు గంటల కొద్దీ బరువు పడుతుంది. వెన్నుని పట్టివుంచే పట్టీలు సాగిపోయి వదులవుతాయి. రాత్రి కోలుకోవడానికి చాలినంత నిద్ర వుండదు, చాలినంత తిండి వుండదు. పొద్దున్నే మళ్ళీ అదే వంపు.

దీన్ని గురించి డెన్మార్క్ పరిశోధకుడు ఆండ్రియాస్ హోల్టర్‌మాన్ వంటివాళ్ళు చాలాకాలంగా రాస్తున్నారు. తీరికలో చేసే వ్యాయామం ఆయుష్షు పెంచుతుంది. బతుకుతెరువు కోసం చేసే వొంటి చాకిరీ అలా పెంచదు. 2018లో 17 అధ్యయనాల్ని, 1,93,696 మందిని కలిపి చూసినప్పుడు, వొంటి శ్రమ ఎక్కువగా వుండే పనులు చేసే మగవాళ్ళు తొందరగా చనిపోయే అవకాశం, శ్రమ తక్కువ వున్న పనులవాళ్ళ కంటే 18 శాతం ఎక్కువని తేలింది. ఆడవాళ్ళలో అలాంటి తేడా కనబడలేదు. అయితే ఆ అధ్యయనాలు ఎక్కువగా ధనిక దేశాలవి, మన వరినాట్లు వాటిలోకి రాలేదు. కారణాలు అర్థం చేసుకోవడం కష్టం కాదు. వ్యాయామం కాసేపు గట్టిగా సాగి ఆగిపోతుంది, గుండె విశ్రాంతి తీసుకుంటుంది. చాకిరీలో గుండె రోజంతా కొద్దికొద్దిగా పరిగెడుతూనే వుంటుంది. ఎప్పుడు ఆపాలో పనిచేసేవాళ్ళు నిర్ణయించుకోలేరు.

కాబట్టి శ్రమనే యోగమని పొగడటం, శ్రమ చేసే వొంటికి వైద్యం అక్కర్లేదని చెప్పడమే అవుతుంది. మనవాళ్ళకి లేనిది కదలిక కాదు. కదలిక కావల్సినదానికంటే ఎక్కువే వుంది. లేనిది శవాసనం. హఠయోగ ప్రదీపిక కూడా శవాసనం అలసట తీరుస్తుందనే చెప్పింది. వెల్లకిలా పడుకుని వొళ్ళు వదిలెయ్యడం యోగాలో అన్నిటికన్నా తేలికైన ఆసనం. కూలి పోకుండా, మేస్త్రీ తిట్టకుండా, పట్టపగలు ఇరవై నిమిషాలు అలా పడుకోగలిగే హక్కు ఈ దేశంలో యే కూలిమనిషికి వుంది?

ఆడవాళ్ళ సంగతి ఇంకా ముందుకి పోతుంది. మహారాష్ట్రలోని బీడ్ జిల్లాలో చెరుకుకోతకి పోయే ఆడవాళ్ళని 2019లో సర్వే చేస్తే, 82,309 మందిలో 13,861 మందికి గర్భసంచి తీసేసి వుంది. నెలసరి రోజుల్లో పని ఆగిపోతుందన్న భయం, పనికి రాకపోతే ముకద్దం వేసే జుల్మానా, భయపెట్టి కోసేసే ప్రైవేటు డాక్టర్లు, అన్నీ కలిసి చేసిన పని అది. తెలుగు నేల కూడా తక్కువ తినలేదు. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 యేళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీసేసినవాళ్ళు దేశం మొత్తం మీద 3.2 శాతమైతే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. కక్కయ్య పెళ్ళాం వొంటి మీద పడిన కోత కథలోనే ఆగిపోలేదని దీన్నిబట్టి తెలుస్తుంది. నెలసరి నొప్పికి ఫలానా ఆసనం మంచిదని పుస్తకాలు రాస్తారు. నెలసరి రోజున కూలి పోకుండా కూర్చునే హక్కు గురించి ఆ పుస్తకాల్లో వొక్క ముక్క వుండదు.

వూపిరి

ప్రాణాయామం గురించి ఎంతో రాశారు. కానీ వూపిరి పీల్చుకోవడానికి ముందు గాలి కావాలి గదా! మ్యాన్‌హోల్‌లో హైడ్రోజన్ సల్ఫైడ్ గాఢంగా పేరుకుంటే రెండు మూడు వూపిరులకే మనిషి పడిపోతాడు. అతన్ని తియ్యడానికి దిగిన రెండోవాడూ పడిపోతాడు. ఎన్నో ప్రమాదాల్లో ఇద్దరు ముగ్గురు కలిసి చనిపోయేది అందుకే. రాళ్ళు కొట్టేవాళ్ళ, క్రషర్లలో పనిచేసేవాళ్ళ వూపిరితిత్తుల్లో చేరిన దుమ్ము అక్కడ మచ్చలు కడుతుంది. సిలికోసిస్ ముదిరితే వెనక్కి రాదు. కపాలభాతితో ఆ మచ్చ కరగదు.

పాకీ పనిని నిషేధిస్తూ 1993లో వొక చట్టం, 2013లో ఇంకో చట్టం వచ్చాయి. సఫాయి కర్మచారి ఆందోళన్ వేసిన కేసులో 2014 మార్చి 27న సుప్రీంకోర్టు సీవరు చావులకి 10 లక్షల పరిహారం ఇవ్వమంది. 2023 అక్టోబరులో మరో తీర్పులో దాన్ని 30 లక్షలకి పెంచింది. ఆ ఆందోళన్‌ని నడిపిన బెజవాడ విల్సన్ కోలారు బంగారు గనుల దగ్గర తెలుగు మాట్లాడే పాకీ కుటుంబంలో పుట్టినవాడే. ఇంత జరిగాక కూడా, చేతులతో మలం ఎత్తే పని వల్ల చావులేవీ నమోదు కాలేదని 2021లో కేంద్ర ప్రభుత్వం పార్లమెంటులో చెప్పింది. సీవరులో దిగి చచ్చిపోయినవాళ్ళని వేరే ఖాతాలో రాసుకుంది. 2017లో హైదరాబాద్ జలమండలి దళిత పారిశ్రామికవేత్తల సంఘంతో కలిసి సన్నగొందుల్లోకి పోగల 70 చిన్న సీవరు యంత్రాల్ని దించింది. సీవరు కార్మికుడి వూపిరికి ఆ యంత్రం చేసే మేలు యే ప్రాణాయామమూ చెయ్యలేదు. మేం ప్రాణాయామాన్ని ఎగతాళి చెయ్యడం లేదు. ముందు చేయాల్సిందేదో గుర్తు చేస్తున్నాం.

మనసు

యోగా వల్ల మనసు కుదుటపడుతుందంటారు. మనసు ఎందుకు చెదిరిందన్న దాన్ని బట్టి వుంటుంది అది. పరీక్ష భయం, నిద్ర పట్టకపోవడం, వూరికే గుండెదడ, వీటికి ధ్యానం పనికొస్తుంది. కానీ విశ్వవిద్యాలయంలో నెలల తరబడి ఫెలోషిప్ ఆగిపోయి, హాస్టలు నుంచి వెలివేయబడి, బయట డేరాలో పడుకున్న విద్యార్థి మనసు మాటేమిటి? 2016 జనవరి 17న రోహిత్ వేముల హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో చనిపోయాడు. 2019 మే 22న ముంబైలో ఆదివాసీ ముస్లిం డాక్టర్ పాయల్ తాడ్వి చనిపోయింది. 2007లోనే తోరాట్ కమిటీ ఢిల్లీ ఎయిమ్స్‌లో దళిత, ఆదివాసీ విద్యార్థుల పట్ల జరుగుతున్న వివక్షని రాసిపెట్టింది. ఈ మనసుల్ని చెదరగొట్టిన వస్తువు బయట వుంది. దానికి పేరుంది, హోదా వుంది, సంతకం చేసే చెయ్యి వుంది.

అవమానం జరిగినప్పుడు వచ్చే కోపం రోగలక్షణం కాదు. అది మనసు సరిగ్గా పనిచేస్తోందనడానికి గుర్తు. ఆ కోపాన్ని వూపిరి బిగబట్టి చల్లార్చుకోమని చెప్పే సలహా, అవమానించినవాడికి మేలు చేస్తుంది. అయితే ఇంకో సంగతి కూడా చెప్పాలి. కోపంతో రోజూ బతికే కార్యకర్తకి నిద్ర పట్టదు, రక్తపోటు వస్తుంది, తాగుడు అలవాటవుతుంది. మన వుద్యమాల్లో ఎంతమంది యాభై దాటకుండా పోయారో మనకి తెలుసు. పోరాడే మనిషి వూపిరి తీసుకోవడానికి, నిద్రపోవడానికి ధ్యానం తోడుపడితే దాన్ని కాదనడానికి మనమెవరం? కోపాన్ని మింగెయ్యడానికి చేసే ధ్యానం వేరు, కోపాన్ని పదికాలాలు నిలబెట్టుకోవడానికి చేసే ధ్యానం వేరు.

యోగం ఎవరిది?

యోగా బ్రాహ్మల సొత్తు అని మనమే వొప్పుకుని వదిలెయ్యడం చరిత్రకి కూడా సరిపడదు. హఠయోగం బోధించిన తొలి గ్రంథాల్లో వొకటైన అమృతసిద్ధి, పదకొండో శతాబ్దంలో వజ్రయాన బౌద్ధుల మధ్య పుట్టిందని నేటి పరిశోధకులు తేల్చారు. దత్తాత్రేయ యోగశాస్త్రం బ్రాహ్మడూ బౌద్ధుడూ జైనుడూ కాపాలికుడూ చివరికి చార్వాకుడూ యోగం చెయ్యొచ్చంది. నాథ యోగులు కులం పట్టింపు లేకుండా తిరిగారు. వాళ్ళ కథల్ని పదిహేనో శతాబ్దంలో గౌరన నవనాథ చరిత్రగా తెలుగు ద్విపదలో రాశాడు. వలసపాలకుల జనాభా లెక్కలు ఆ యోగుల్ని దేశదిమ్మరుల కోవలో వేశాయి. 1896లో రాజయోగం రాసిన వివేకానందుడు కూడా వొళ్ళు వంచే హఠయోగాన్ని పక్కన పెట్టాడు. యోగి అని పేరుపడ్డ మన వేమనే, ఆసనాల పేరుతో వొళ్ళు విరుచుకోవడం జెట్టీల సాముకంటే కాస్త తక్కువేనని నవ్విపోయాడు.

ఇవాళ మనం చూస్తున్న ఆసనాల వరస ఇరవయ్యో శతాబ్దంలో తయారైంది. కువలయానంద 1924లో లోనావలాలో కైవల్యధామం పెట్టాడు. ఔంధ్ సంస్థానాధిపతి సూర్యనమస్కారాన్ని వ్యాయామంగా ప్రచారం చేశాడు. 1933 నుంచి మైసూరు జగన్మోహన్ ప్యాలెస్‌లో కృష్ణమాచార్య రాజకుటుంబాల పిల్లలకి ఆసనాలు నేర్పాడు. యూరప్ డ్రిల్లు, దేశీ తాలింఖానా, పాత హఠయోగం అక్కడ కలిశాయని నార్మన్ షోమన్ 1996లో, మార్క్ సింగిల్టన్ 2010లో రాశారు. దేశదిమ్మరుల విద్య అలా గౌరవస్తుల ఇంట్లోకి వచ్చింది. వచ్చేటప్పుడు దాన్ని మోసుకొచ్చినవాళ్ళు గుమ్మం బయటే నిలబడిపోయారు. తోలుపని నుంచి డప్పు దాకా మన విద్యలన్నిటికీ జరిగిందే దీనికీ జరిగింది.

ఇక యేం అడగాలి?

2022లో తొమ్మిది రాష్ట్రాల లెక్కలతో వచ్చిన అధ్యయనం, సవర్ణ హిందువుల కంటే ఆదివాసుల ఆయుష్షు నాలుగేళ్ళకు పైగా, దళితుల ఆయుష్షు మూడేళ్ళకు పైగా తక్కువని చెప్పింది. ఆ తేడాలో సగం కూడా ఆస్తిపాస్తుల తేడాతో తీరడం లేదంది. మిగిలినదాంట్లో కులం వుంది. ఆ యేళ్ళని తిరిగి రాబట్టుకోవడమే మన ఆరోగ్య వుద్యమం. దానిలో యోగాకి వొక చిన్న గది వుండొచ్చు. ఇంటికి ఇంటినే అది ఆక్రమించుకోగూడదు.

కాబట్టి జూన్ 21ని బహిష్కరించండి అని మేం అనడం లేదు. ఆ రోజు మైదానానికి వెళ్ళి అడగండి అంటున్నాం. సంక్షేమ హాస్టలు పిల్లల్ని చాప మీద కూర్చోబెట్టే ముందు, వాళ్ళ నెత్తురులో రక్తహీనత ఎంతుందో పరీక్ష చేయించమని అడగండి. యోగా నేర్పేవాళ్ళ వుద్యోగాల్లో రిజర్వేషన్ అడగండి. మంత్రం లేకుండా నేర్పమనండి, చదవనన్న పిల్లవాడి మీద కన్నెర్ర చెయ్యొద్దనండి. ఉపాధి పనిలో, మిరప కల్లాల్లో, మున్సిపాలిటీ పారిశుధ్యంలో పడుకుని లేచే అరగంటని కూలి కొయ్యకుండా పనిగంటల్లో కలపమనండి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నడుం నొప్పికి సూది వేసి పంపెయ్యకుండా, వ్యాయామం నేర్పే మనిషిని పెట్టమనండి. గర్భసంచి తియ్యాలని డాక్టరు చెబితే ఇంకో డాక్టరుకి చూపించుకునే వీలు కల్పించమనండి. కొండమీది వూరికి రోడ్డు, అంబులెన్సు అడగండి. మరణాల లెక్కలు కులాల వారీగా అచ్చువెయ్యమని అడగండి.

ఉపాధ్యాయ మిత్రులకి వొక మాట. బడిలో యోగా పాఠం చెప్పాల్సి వచ్చినప్పుడు కక్కయ్య కథ కూడా చెప్పండి, దయానందుడి కథతో కలిపి చెప్పండి. ఇద్దరిలో ఎవరు సరిగ్గా అడిగారో పిల్లల్నే తేల్చుకోనివ్వండి. నిద్రలో కత్తి పడ్డ ఆమె తిరిగి లేచాక యేమని అడిగివుంటుందో రాసుకురమ్మనండి. ఆ రాతలు మా పత్రికకి పంపితే అచ్చువేస్తాం.